తమ్ముడి పేరు రాతి మీదికి ఎక్కేదాకా

2023 జనవరి 16, సోమవారం, కనుమ. ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు నా ఫోనుకు తెలియని నంబరు నుంచి పిలుపు వచ్చింది. అవతలి వ్యక్తి హిందీలో మొదట నా పేరు, తరువాత మా తమ్ముడి సైనిక నంబరు చెప్పి, నేను అతని అన్ననేనా అని రెండుసార్లు అడిగి, ఇంట్లో ఆడవాళ్లకు కాస్త దూరంగా వెళ్లి మాట్లాడమన్నాడు. ఆ మాటతోనే నాకు సగం అర్థమయింది. ఎత్తైన మంచు ప్రాంతంలో సరిహద్దు గస్తీలో ఉండగా మంచుచరియ విరిగిపడిందనీ, ముగ్గురిని బయటికి తీశారనీ, మావాడు ఇంకా దొరకలేదనీ చెప్పాడు. మరునాడు రాత్రి తొమ్మిది గంటలకు అదే నంబరు నుంచి రెండో పిలుపు వచ్చింది. ఆ మధ్యలోని ముప్పై మూడు గంటలూ నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముక్కనుమ నాడు పొయ్యి దగ్గర కూర్చుని మా అమ్మ, "తమ్ముడు ఫోను సేసినాడేటిరా?" అని అడిగితే, అక్కడ సిగ్నలు లేదట అని అబద్ధమాడి పెరట్లోకి వెళ్లిపోయాను.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా ఊరు సంతకవిటి మండలంలో ఉంది. తమ్ముడు 2011లో సైన్యంలో చేరినప్పుడు మాది శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మా మండలం రాజాంతో పాటు విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఈ చిన్న సంగతి మమ్మల్ని ఎన్ని నెలలు తిప్పిందో తరువాత చెబుతాను. గత నెలలో వంగర వైపు నుంచి ఒక పెద్దాయన, కొడుకును మాలాగే పోగొట్టుకున్నవాడు, నన్ను వెతుక్కుంటూ బడికి వచ్చి, "ఏ కాయితం ముందు, ఏ కాయితం ఎనక, నాకు సెప్పండి మేస్టారూ" అని అడిగాడు. ఆయనకు రెండు గంటలపాటు చెప్పినదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. తమ్ముడి పేరు, అతని దళం పేరు రాయవద్దని మరదలు కోరింది కనుక రాయడం లేదు.

రెండో పిలుపుకూ శవపేటిక ఊరికి చేరడానికీ మధ్య నాలుగు రోజులు పట్టింది. మంచు తెరిపి ఇస్తే తప్ప హెలికాప్టరు దిగదు. అక్కడి నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి విశాఖపట్నం. ఈ నాలుగు రోజుల్లో సైన్యం వారు నాకు పదిసార్లకు పైగా ఫోను చేసి అడిగిన ప్రశ్నలు విచిత్రంగా తోచాయి. దహనమా, ఖననమా? శ్మశానానికి దారి ఎంత వెడల్పు? అక్కడ పన్నెండు మంది వరుసగా నిలబడి గాలిలోకి కాల్పులు జరపడానికి చోటు ఉందా, పైన విద్యుత్తు తీగలు ఉన్నాయా? జెండా ఎవరి చేతికి అందించాలి, భార్యకా, తల్లికా? ఈ చివరి ప్రశ్నకు జవాబు వెంటనే చెప్పలేకపోయాను. రాత్రి ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగితే, అమ్మ కోడలి వైపు చూసి తల ఊపింది. మీ ఇంట్లో ఇటువంటి దినం రాకూడదని కోరుకుంటాను, వస్తే మాత్రం ఈ ఒక్క నిర్ణయాన్ని జనం గుమిగూడక ముందే తీసుకోండి. వేలమంది ఎదుట ఇద్దరు స్త్రీలను ఆ సందిగ్ధంలో నిలబెట్టడం కన్నా క్రూరమైనది లేదు.

జనవరి 20, శుక్రవారం సాయంత్రం విశాఖపట్నం విమానాశ్రయంలో పేటికను దించి పుష్పగుచ్ఛాలు ఉంచారు. రాత్రికి అక్కడే ఉంచి, మరునాడు తెల్లవారుజామున బయలుదేరి జాతీయ రహదారి మీద చిలకపాలెం దాకా వచ్చి, అక్కడ మలుపు తిరిగి పొందూరు మీదుగా మా వైపు వచ్చారు. పొందూరు దాటినప్పటి నుంచి రోడ్డుకు ఇరువైపులా బడిపిల్లలు నిలబడి ఉన్నారు. వారిని ఎవరు నిలబెట్టారో నాకు తెలియదు. ట్రక్కు ముందు నడిచిన మోటారు సైకిళ్లు రెండు వందలకు తగ్గవు. ఊరి మొదట్లో, వంతెన దగ్గర, బడి గోడ మీద కలిపి పద్నాలుగు ఫ్లెక్సీలు కట్టారు. వాటిలో నాలుగింటిలో మా తమ్ముడి ఫొటో కట్టించినవారి ఫొటో కంటే చిన్నది. ఇది నేను ఆ రోజు గమనించలేదు, రెండు నెలల తరువాత ఎండకు వెలిసిపోయిన ఫ్లెక్సీలను విప్పుతున్నప్పుడు చూశాను.

మా వీధి వెడల్పు తొమ్మిది అడుగులు, ట్రక్కు లోపలికి రాలేదు. ఎనిమిది మంది జవాన్లు పేటికను భుజాల మీద పెట్టుకుని నడిచారు, కేబుల్ తీగలను మా కుర్రాళ్లు వెదురు కర్రలతో పైకెత్తి పట్టుకున్నారు. పేటికను ఇంటి అరుగు మీద పదిహేను నిమిషాలు మాత్రమే తెరిచి ఉంచగలమని వచ్చిన సుబేదార్ నాకు ముందే చెప్పాడు. ఆయన తమిళుడు, నాలుగు తెలుగు ముక్కలు, మిగతా అంతా సైగలు. అయినా ఆ రోజు నాకు అందరికన్నా బాగా అర్థమయినవాడు ఆయనే. జెండాలోని కాషాయం తల వైపు ఉండాలని పేటికను రెండుసార్లు సరిచూసుకున్నాడు. జెండా చితి మీదికి వెళ్లకూడదు కనుక దాన్ని విప్పి, మడతలు పెట్టి, తమ్ముడి టోపీతో కలిపి మరదలి చేతికి ఇచ్చి ఒక్క అడుగు వెనక్కి వేసి వందనం చేశాడు. జవాన్లు తుపాకులను తలకిందులుగా పట్టుకుని నిలబడితే, నాలుగేళ్ల మా పాప నా చెవిలో, "పెదనాన్నా, వాళ్లకు తుపాకీ పట్టుకోవడం రాదా?" అని అడిగింది. అది చనిపోయినవారికి చేసే మర్యాద అని దానికి ఎలా చెప్పాలో తెలియక, నాన్న నిద్రపోతున్నాడు కదా, చప్పుడు కాకూడదని అలా పట్టుకున్నారని చెప్పాను. మరు నిమిషంలోనే మూడుసార్లు కాల్పులు మోగాయి. గొడ్లు పలుపులు తెంచుకున్నాయి. పాప నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు.

పన్నెండో రోజుతో జనం వెళ్లిపోయారు. షామియానాకు, కుర్చీలకు, నీళ్ల క్యాన్లకు, భోజనాలకు కలిపి 78,000 రూపాయలు అయింది. పంచాయతీ తరపున ఇస్తామన్నవారు తరువాత కనిపించలేదు, నేనూ అడగలేదు. సైన్యం నుంచి అంత్యక్రియల ఖర్చుకని తక్షణ సాయంగా కొంత సొమ్ము వచ్చింది, దాని రసీదు మీద మరదలు చేసిన సంతకమే ఆమె చేయబోయే సంతకాలలో మొదటిది.

మార్చి 10న తమ్ముడి నల్ల ట్రంకు పెట్టె వచ్చింది. తోడుగా వచ్చిన ఇద్దరు జవాన్లు ఒక జాబితాను చదువుతూ ఒక్కొక్క వస్తువును చాప మీద పెట్టారు: ఉన్ని మేజోళ్లు, షేవింగు సామాను, చేతి గడియారం, పాప గీసిన బొమ్మ ఒకటి, నలభై అంగుళాల చొక్కాలు రెండు, ఇంకా చాలా. అడుగున ఒక కవరు. అందులో సగం నింపిన దరఖాస్తు ఉంది. రికార్డులలో తన భార్య పేరును సరిచేయమని తమ్ముడు తన కార్యాలయానికి రాసుకుంటున్న కాగితం అది. అప్పటికి నాకు దాని విలువ తెలియలేదు. దాన్ని కూడా నీలం రంగు ప్లాస్టిక్ ఫైలులో పెట్టాను. ఈ రెండేళ్లలో ఆ ఫైలు లేకుండా నేను గడప దాటిన రోజులు తక్కువ.

ఇక్కడ ఒక మాట. ఊరంతా, పత్రికలంతా మా తమ్ముడిని అమరవీరుడు అన్నారు. నేను తెలుగు పంతులును, ఆ మాట బరువు నాకు తెలుసు. కానీ సైన్యం కాగితాలలో ఎక్కడా ఆ మాట గానీ, హిందీలో షహీద్ అనే మాట గానీ ఉండదు. సాయుధ దళాలలో అటువంటి అధికారిక పదం లేదని ప్రభుత్వం పార్లమెంటులోనే చెప్పింది. వారి కాగితాలలో ఉండేవి రెండే తరగతులు: బ్యాటిల్ క్యాజువాలిటీ, ఫిజికల్ క్యాజువాలిటీ. మొదటిది శత్రువుతో పోరులోనో, ఆపరేషన్‌లోనో కలిగిన నష్టం. సరిహద్దు రేఖ మీద విధుల్లో ఉండగా ప్రకృతి వైపరీత్యం వల్ల పోయినా అందులోకి వస్తుంది. రెండోది మిగిలినవన్నీ. మాకు మొదట వచ్చిన సమాచారంలో ప్రమాదం అని మాత్రమే ఉంది. ఏ తరగతి అన్నది సైన్యం జరిపే విచారణ తేల్చాలి. దాని మీదే కుటుంబ పింఛను ఆధారపడుతుంది. సాధారణ పింఛను వేరు, జీతంలో 60 శాతం ఇచ్చే ప్రత్యేక కుటుంబ పింఛను వేరు, చివరి జీతమంత ఇచ్చే లిబరలైజ్డ్ కుటుంబ పింఛను వేరు. జాతీయ యుద్ధ స్మారకం మీద పేరు చెక్కడమూ దీని మీదే ఆధారపడుతుంది. అంటే ఊరు ఒక్క పూటలో ఇచ్చేసిన బిరుదుకు ప్రభుత్వం అయిదు నెలలు సాక్ష్యాలు వెతికింది. మొదట నాకు కోపం వచ్చింది. తరువాత ఆ విచారణ నకలు చేతికి వచ్చినప్పుడు, ఆ పూట ఎవరు ముందు నడిచారు, తాడు ఎవరి నడుముకు ఉంది, మావాడు వెనక్కి తిరిగి ఎవరిని కేకవేశాడు అని నిమిషాల లెక్కన రాసి ఉండడం చూసి, వాడి చివరి గంటను ఇంత శ్రద్ధగా చదివినవారు మరెవరూ లేరనిపించింది. జూన్ 21న బ్యాటిల్ క్యాజువాలిటీగా నిర్ణయించినట్లు ఉత్తరం వచ్చింది. ఎత్తైన, చేరశక్యం కాని సరిహద్దు స్థావరాలలో విధి నిర్వహణలో మరణించినవారికి కేంద్రం ఇచ్చే 35 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా తరగతి మాకు వర్తించింది.

వర్తించడం వేరు, చేతికి రావడం వేరు. అసలు తిప్పలు అక్కడి నుంచి మొదలయ్యాయి.

సైనికుడి పెళ్లి, బిడ్డ పుట్టుక, చిరునామా మార్పు వంటివన్నీ పార్ట్ టూ ఆర్డర్ అనే పత్రంలో ప్రకటిస్తేనే రికార్డులో ఉన్నట్లు. తమ్ముడు తన పెళ్లిని ప్రకటించినప్పుడు మరదలి పేరును పుట్టింటి ఇంటిపేరుతో, ఊళ్లో పిలిచే పొట్టి పేరుతో రాయించాడు. ఆధార్‌లో మా ఇంటిపేరుతో పూర్తి పేరు ఉంది. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు చివరికి వెళ్లి, ఇంగ్లిషులో ఒక అక్షరం రాలిపోయింది. పాప జనన ధ్రువపత్రంలో నాలుగో రకం. ఒకే మనిషి నాలుగు కాగితాలలో నలుగురు ఆడవాళ్లయింది. సగం నింపిన ఆ దరఖాస్తు దేనికో అప్పుడు తెలిసింది. మావాడికి ఆ తేడా ముందే కనబడింది, సెలవుకు వచ్చినప్పుడు సరిచేద్దామనుకున్నాడు.

నలుగురూ ఒక్కరేనని రుజువు చేయడానికి మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రం, ఒక ఇంగ్లిషు పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటనలు, తహశీల్దారు ధ్రువపత్రం అడిగారు. ప్రకటనలకు 5,600 రూపాయలు, నోటరీకి, స్టాంపు కాగితాలకు 1,900. జిరాక్సులకే ఈ రెండేళ్లలో నాలుగు వేలు దాటింది. రాజాంలో జిరాక్సు కొట్టు కుర్రవాడు చివరికి మా దగ్గర సగం డబ్బే తీసుకునేవాడు. రెండు పత్రికలలో పడిన ఆ ప్రకటనలో, భర్త పోయి ఏడు నెలలయిన మనిషి, "ఇకపై నేను ఈ పేరుతోనే పిలవబడతాను" అన్న వాక్యం కింద తన సంతకాన్ని చూసుకుని, "బావగారూ, ఆయన నన్ను ఈ పేరుతో ఎప్పుడూ పిలవలేదండి" అన్నది.

ఇక జిల్లా సంగతి. రికార్డులో చిరునామా శ్రీకాకుళం జిల్లా అని ఉన్నది కనుక కాగితాలు అక్కడికి వెళ్లేవి. వారు మీ మండలం మా పరిధిలో లేదని విజయనగరం పంపేవారు. అక్కడి వారు ధ్రువీకరణ కోసం మళ్లీ రికార్డులోని జిల్లాకు రాసేవారు. ఇందులో ఎవరి దోషమూ లేదు, ప్రతి ఒక్కరూ తమ నిబంధన ప్రకారమే నడుచుకున్నారు. కానీ ఒక కార్యాలయంలో ఒక గుమస్తా, "మీ తమ్ముడు ఏ జిల్లాకు చెందిన అమరవీరుడో ముందు మీరు తేల్చుకోండి" అన్నప్పుడు మాత్రం నా నోట మాట రాలేదు. చివరికి మండలం ఏ తేదీన ఏ జిల్లాలో చేరిందో తెలిపే నోటిఫికేషన్ నకలును, గ్రామ రెవెన్యూ అధికారి ధ్రువీకరణతో ప్రతి కాగితానికీ జతచేయడం మొదలుపెట్టాక ఆ ముడి వీడింది. నాలుగు నెలలు దానికే పోయాయి. పాలకొండ వైపువారికి పార్వతీపురం మన్యం జిల్లాతో ఇదే చిక్కు ఉంటుంది, జాగ్రత్తపడండి.

నాకు ఈ దారి అంతా చూపించినవాడు రేగిడి వైపు నుంచి వచ్చే ఒక మాజీ నాయక్ (నాయక్ అంటే సైన్యంలో ఒక హోదా). ఇరవై ఏళ్ల క్రితం నియంత్రణ రేఖ దగ్గర మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పుణెలో 1944 నుంచి నడుస్తున్న కృత్రిమ అవయవ కేంద్రంలో కాలు పెట్టించుకున్నాడు. ఆ కాలితోనే టీవీఎస్ మోపెడ్ నడుపుకుంటూ మా ఇంటికి వచ్చి, కాగితాలను చాప మీద పరచి, ఏది ముందో ఏది వెనకో చెప్పేవాడు. ఒకసారి జెండా దినం నాడు, అంటే డిసెంబరు 7న, ఒకచోట వీరుల కుటుంబాలకు సన్మానం అని పిలిస్తే మరదలిని తీసుకుని ఇద్దరమూ వెళ్లాం. వేదిక మీదికి అతన్ని కూడా పిలుస్తారనుకున్నాను. శాలువాలు లెక్కకు తక్కువ పడ్డాయని అతన్ని వెనక వరుసలో కూర్చోమన్నారు. తిరుగు దారిలో టీ తాగుతూ నవ్వాడు: "మేస్టారూ, శాలువా కప్పాలంటే మనిసి మొత్తం పోవాల. నాను ఒక కాలే గదా ఇచ్చినాను." అతనికి గాయపడినవారి పతకం ఉంది. ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టి ఉంటుంది, అడిగితే తప్ప చూపడు. మరదలికి అప్పటికి పదకొండు శాలువాలు వచ్చాయి. ఆ తరువాత ఏ సన్మానానికీ రానని చెప్పేసింది. నాలుగు గంటలు ఎండలో కూర్చోబెట్టి, ఎవరో వచ్చాక రెండు నిమిషాలు నిలబెట్టి ఫొటో తీసి పంపించడం ఆమెకు అవమానంగా తోచింది. ఆమెది తొందరపాటు అని నేను అనలేను.

పింఛను ఉత్తర్వు 2023 నవంబరు 14న వచ్చింది. అంటే పది నెలలు. ఇప్పుడు సైనిక పింఛన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తున్నాయి కనుక ఏటా జీవన ప్రమాణ పత్రాన్ని ఇంటి నుంచే ఇవ్వవచ్చు. బీమా సొమ్ములో తమ్ముడు నామినీలుగా భార్యకు అరవై శాతం, తల్లికి నలభై శాతం రాసి ఉంచాడు. పింఛను మాత్రం భార్యకే. ఆ తేడాను పట్టుకుని, అత్తాకోడళ్లకు తగవు పెట్టడానికి మా బంధువులలో కొందరు చేసిన ప్రయత్నాల గురించి రాయబుద్ధి కావడం లేదు. అమ్మ ఒక్క మాటతో వారి నోళ్లు మూయించింది, అంతవరకు చాలు.

విగ్రహం ఆలోచన ఊరివారిది. మొదట నాలుగు రోడ్ల కూడలిలో పెట్టాలన్నారు. రహదారుల మీద, ప్రజలు వాడుకునే స్థలాలలో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించిందని పంచాయతీ కార్యదర్శి చెప్పాడు. మన చుట్టుపక్కల కూడళ్లలో ఉన్నవాటి సంగతేమిటని కుర్రాళ్లు అడిగారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. చివరికి నాన్న రోడ్డు పక్కనున్న మా సొంత చెలకలో రెండు సెంట్లు విడిచిపెట్టాడు. సిమెంటు విగ్రహానికి 1,10,000, దిమ్మెకు, చుట్టూ గొలుసుకు 62,000. చందాలు 90,000 వచ్చాయి, మిగతాది మేము వేసుకున్నాం.

2024 ఫిబ్రవరి మొదటి వారంలో, సంవత్సరీకానికి, ఆవిష్కరించాలని అనుకున్నాం. విగ్రహం సమయానికి రాలేదు. మార్చి మొదట్లో వచ్చినదాన్ని చూసి అమ్మ, "ఈడు మా గుంటడు కాడు, ఈ మూతి ఆడిది కాదు" అని వెనక్కి తిరిగిపోయింది. శిల్పి తప్పు లేదు, మేము ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డుదే. పెళ్లి ఫొటోలు నాలుగు ఇచ్చి ముఖాన్ని మళ్లీ దిద్దించాం. ఇంకొక పొరపాటును మాజీ నాయక్ పట్టుకున్నాడు. శిల్పి అందం కోసం రొమ్ము మీద మూడు పతకాలు వేశాడు. "ఇందులో రొండు ఆడికి నేవు మేస్టారూ, తీయించండి" అన్నాడు. ఊరివారు, పోయినవాడికి ఒక పతకం ఎక్కువ ఉంటే ఏం నష్టం అన్నారు. అతను వినలేదు. సుత్తి, ఉలి తెప్పించి దగ్గర నిలబడి ఆ రెండింటినీ చెక్కించి, ఆ చోట నున్నగా సిమెంటు పూయించి వెళ్లాడు. ఇప్పటికీ దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ రంగు కాస్త తేడాగా ఉంటుంది. ఆ విగ్రహంలో నాకు బాగా నచ్చేది ఆ మచ్చే.

అంతా సిద్ధమయ్యే సరికి మార్చి 16న ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చింది. ఆవిష్కరణకు ఎవరు వచ్చినా చిక్కే కనుక ఆపమన్నారు. తలకు, భుజాలకు గోనెపట్టా చుట్టి తాడు కట్టాం. మే 13న పోలింగు, జూన్ మొదటి వారంలో నియమావళి ముగింపు. అన్నాళ్లూ మా తమ్ముడు ముఖానికి గోనె కట్టుకుని ఆ ఎండలలో నిలబడ్డాడు. బడికి వెళ్తూ వస్తూ నేను ఆ వైపు చూడలేకపోయేవాడిని. 2024 జూలై 26న, కార్గిల్ విజయానికి పాతికేళ్లు నిండిన రోజున, మాజీ సైనికులే వచ్చి గోనె విప్పారు. ఏ నాయకుడినీ పిలవలేదు. ఫ్లెక్సీ కట్టవద్దని ముందే చెప్పాం. కార్యక్రమం ఇరవై నిమిషాలలో అయిపోయింది.

ఢిల్లీ నుంచి పిలుపు సెప్టెంబరులో వచ్చింది. జాతీయ యుద్ధ స్మారకం దగ్గర ప్రతి సాయంత్రం ఒక సైనికుడి కుటుంబంతో పుష్పగుచ్ఛం పెట్టించే ఆనవాయితీ ఉంది. మా వంతు డిసెంబరు మొదటి వారంలో. విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం: అమ్మ, మరదలు, పాప, నేను. మోకాళ్ల నొప్పుల వల్ల నాన్న రాలేదు. అమ్మ రాయగడ దాటి ప్రయాణం చేయడం అదే మొదటిసారి. రైల్లో తినడానికి అరిసెలు, పులిహోర, వాటితో పాటు ఒక చిన్న సీసాలో మా నూతి నీళ్లు తెచ్చింది. ఆ సీసా ఎందుకో అడిగితే చెప్పలేదు. చలికోటులు అక్కడే కొందామనుకుని తప్పు చేశాం. మొదటి రాత్రి అందరమూ వణికాం. వెళ్లేవారు ఇక్కడే కొనుక్కోండి.

ఇండియా గేటు పక్కనే, 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకం నాలుగు వలయాలుగా ఉంటుంది. నడుమ అమర చక్రంలో జ్యోతి, దాని చుట్టూ వీరతా చక్రం, తరువాత పేర్లు చెక్కిన గ్రానైటు గోడలతో త్యాగ చక్రం, అన్నిటికీ వెలుపల చెట్ల వరుసలతో రక్షక చక్రం. డిసెంబరులో అక్కడ అయిదున్నరకే చీకటి పడుతుంది. బ్యూగిల్ మోగింది. తమ్ముడి పేరు, అతను పోయిన తీరు మైకులో చదివారు. ఒక్క వివరమైనా వదిలిపెట్టకుండా, ఒక్క గొప్పమాటైనా చేర్చకుండా చదివారు. అమ్మ, మరదలు చెరొక వైపు పట్టుకుని పుష్పగుచ్ఛాన్ని ఉంచారు. పాపకు అప్పటికి ఆరేళ్లు. ఎదుట నిలబడిన జవాన్లు తుపాకులను తలకిందులు చేసినప్పుడు నా చేయి గట్టిగా పట్టుకుని రెండో చేత్తో ఒక చెవి మూసుకుంది.

తరువాత పేరు వెతకడానికి వెళ్లాం. పదహారు గోడలు, పాతిక వేలకు పైగా పేర్లు. అక్కడి సిబ్బంది చూపించకపోతే ఆ వెలుతురులో మాకు దొరికేది కాదు. రికార్డులో ఉన్నట్లే ఉంది పేరు; మా ఇంటిపేరు పూర్తిగా లేదు, పొడి అక్షరమే ఉంది. మరదలు ఆ రాతికి చేయి ఆనించి చాలాసేపు నిలబడింది. అమ్మ కొంగు తడిపి, ఆ ఒక్క రాతిని, పక్కనున్న రెండింటిని తుడిచింది. తడిపిన నీళ్లు ఆ సీసాలోవి. "మీద దుమ్ము పడతాది, ఎవులు తుడుస్తారు బాబూ?" అని అక్కడి జవానును అడిగింది. అతనికి తెలుగు రాదు. నేను హిందీలో చెప్పాను. రోజూ ఉదయం తుడుస్తామమ్మా అని అతను చేత్తో చూపించాడు. రానుపోను నలుగురికీ టిక్కెట్లు, కోట్లు, ఆటోలు కలిపి 19,000 దాటింది.

మా ప్రాంతంలో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టడం ఆచారం. 2024 పండగ నాటికి తమ్ముడి సంవత్సరీకం కాలేదు కనుక ఇంట్లో పండగే లేదు. 2025లో, పండగకు ముందు, అమ్మ నన్ను రాజాం పంపింది. తాతకు పొందూరు పంచె, తమ్ముడికి ప్యాంటు, చొక్కా. పంచె వెంటనే తీసుకున్నాను. చొక్కాల దగ్గర కొట్టతను సైజు ఎంత అని అడిగాడు. వాడు చనిపోయేనాటికి సెలవుకు వచ్చి ఏడు నెలలయింది, లావయ్యాడో చిక్కాడో తెలియదు. నీలం ఫైలు నా చంకలోనే ఉంది, ఆ పూట బ్యాంకులో పని చూసుకుని వచ్చాను. అందులోంచి ట్రంకు పెట్టె జాబితాను తీసి వేలితో వరుస పట్టుకుని చదివి, నలభై అని చెప్పాను.